ఏడో అద్దం

“ఆ అద్దం ఎవరు మార్చారు?”

మేస్త్రీ అడగడం అది మూడోసారి. కుడి బొటనవేలి కొసన రక్తం చుక్క కట్టి ఉంది. తుడుచుకోలేదు. సాక్షిని వెంటబెట్టుకొచ్చినవాడిలా ఆ వేలిని ముందుకు చాపి డేరా గుమ్మంలో నిలబడ్డాడు.

భార్య స్టవ్వు మీద నీళ్లు పెట్టి, వాటినే చూస్తూ కూర్చుంది. కోడలు కడిగిన గ్లాసులనే మళ్లీ కడుగుతోంది. నాలుగు గ్లాసులు. మనుషులం ముగ్గురమే కదా అని నలభై రోజులుగా ఆ డేరాలో ఎవరూ అనలేదు.

“నా అద్దాల అంచులు నేను రాతి మీద నూరాను,” అన్నాడు మేస్త్రీ. “పిల్లలు వచ్చి తడుముతారని నూరాను. నా అద్దం వేలు కోయదు.”

డేరా బయట బడి గంట మోగింది. భూకంపం వచ్చాక ఆ గంట పాఠాలకు కాదు, నీళ్ల బండికి. బకెట్లు చప్పుడు చేసుకుంటూ జనం పరుగెత్తారు. ఈ ముగ్గురిలో ఎవరూ కదల్లేదు.

ఇంకో రెండు గంటల్లో ఇంజనీరమ్మ రావాలి. అద్దాలు ఏడూ చూసి, బాగున్నాయంటే గుమ్మం మీది పసుపు గీత పక్కన ఆకుపచ్చ గీత గీస్తుంది. పైన ఉన్న ఆరు కుటుంబాలూ, కింద ఉన్న మేస్త్రీ కుటుంబమూ ఇళ్లల్లోకి వెళ్లిపోవచ్చు. ఆకుపచ్చ అంటే వెళ్లవచ్చు, ఎరుపు అంటే పడగొట్టాలి, పసుపు అంటే ఆగి చూడాలి. నలభై రోజుల్లో ఊరంతటికీ ఈ మూడు రంగులే చదువు.

అద్దాల ఆలోచన మేస్త్రీదే. బీటకు అడ్డంగా ఒక అద్దం ముక్క పెట్టి, రెండు కొసలా ప్లాస్టరు ముద్దతో అతికించి, దాని మీద మేకుతో తేదీ గీయాలి. గోడ వెంట్రుకవాసి కదిలినా అద్దం రెండవుతుంది. మూడు వారాలు పగలకుండా ఉంటే గోడ కుదుటపడినట్టు. ఆయన గురువు దగ్గర నేర్చుకున్న పద్ధతి. ఇంజనీరమ్మ కూడా అది పుస్తకంలో చదివానని చెప్పి సరేనంది. మూడంతస్తుల ఆ ఇంట్లో ఏడు బీటలు. తన కిటికీ గాజు పలకలోంచే ఏడు ముక్కలు కోసి, తానే అతికించాడు.

అంతటితో ఊరుకుంటే బాగుండేది. అతికించి కిందికి దిగి, వీధి వీధంతా వింటుండగా ఒక మాట అన్నాడు: “ఈ ఇంట్లో ప్రతి గోడా నేను కట్టిందే. ఈ ఏడింటిలో ఒక్కటి పగిలినా నేనిక తాపీ పట్టను.”

ఆ రోజు నుంచి జనం పళ్లు తోముకోవడానికి ముందే వచ్చి అద్దాలు చూసుకుని పోతున్నారు. పక్క డేరాలో ఉండే ఆమెను వీధిలో రేడియో అంటారు, ఆగకుండా వార్తలు చెబుతుంది కాబట్టి. మా అల్లుడు పండక్కొచ్చినా ఇన్నిసార్లు వెళ్లి మొహం చూడలేదమ్మా అని ఆమె నవ్వించింది. ఈ రోజు ఇరవై ఒకటో రోజు.

“నేనే మామయ్యా,” అంది కోడలు.

“అది కాదు, నేను,” అంది భార్య. రెండు మాటలూ ఒకేసారి వచ్చాయి.

మేస్త్రీ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. “అద్దం ఒకటే. ఎన్ని చేతులు పడ్డాయి దాని మీద?”

జవాబు కోసం ఆగలేదు. ఆయన చూపు డేరా నడుమ గుంజ మీదికి పోయింది. గుంజకు ఒక పటం వేలాడుతోంది. ఈ బడి కట్టినందుకు ఇచ్చిన ప్రశంసాపత్రం. నగరంలో ఎన్నో పెద్ద పెద్ద భవనాలు కూలాయిగాని ఈ బడి గోడ మీద గీత పడలేదు. అందుకే మూడు వందల కుటుంబాలు దీని ఆవరణలో తల దాచుకున్నాయి. ఇల్లు వదిలి వచ్చేటప్పుడు దుప్పట్ల కంటే ముందు ఆ పటాన్నే పట్టుకొచ్చాడని భార్య అప్పట్లో దెప్పింది.

వెళ్లి దాని మీద వేలు పెట్టాడు. వేలికి కాగితం తగిలింది. అద్దం లేదు. ఆయన పేరు పక్కన చిన్న ఎర్రటి మరక పడింది.

“ఎన్ని రోజుల నుంచి దీనికి అద్దం లేదు?”

“దుమ్ము తుడుస్తూనే ఉన్నాను,” అంది భార్య.

అప్పుడిక చెప్పేశారు, ఒకరు మొదలుపెడితే ఒకరు అందుకుంటూ. అద్దాలు అతికించిన ఎనిమిదో రోజు పొద్దున నీళ్ల పీపాలు దొర్లిపోయేంతగా నేల కంపించింది కదా. ఆయన నీళ్ల వరసలో ఉన్నాడు. అందరికంటే ముందు భార్య ఇంటికి వెళ్లి చూసింది. ఆరు అద్దాలు బాగున్నాయి. మెట్ల దగ్గరి గోడ మీది ఏడోది నిలువునా రెండు ముక్కలైంది. పటంలో అద్దం ఊడదీసింది ఆమె. కొలిచి కోసి, ప్లాస్టరు కలిపి, అతికించి, మేకుతో పాత తేదీ గీసింది కోడలు. అయిదేళ్లుగా భర్త పక్కన నిలబడి సిమెంటు మాలు అందించిన చెయ్యి అది. భర్త అద్దం కోసే పనిముట్టు ఇంకా ఆమె సంచిలోనే ఉంది.

మేస్త్రీ బల్ల మీద కూర్చున్నాడు. ఒకటో తరగతి పిల్లల బల్ల. మోకాళ్లు గడ్డానికి తగిలేలా ఉన్నాయి.

“రోజూ దాని ముందు నిలబడ్డాను,” అన్నాడు. “ఆ అతుకు ఎంత నున్నగా ఉందో చూసి, నా చెయ్యి ఇంకా తప్పలేదనుకున్నాను.”

కోడలు తల ఎత్తలేదు. కాని మాట వదల్లేదు. అది మీ అద్దం కంటే పలచనిది మామయ్యా, అదే పదమూడు రోజులు నిలబడింది, గోడ ఇంకా కదులుతూ ఉంటే ముందు అదే పగిలేది కదా అంది. మాటలో తప్పు లేదు. మేస్త్రీకి అది తెలుసు. అందుకే మరింత కోపం వచ్చింది.

“ఎనిమిదో రోజు కదిలిందిగా. ఎంత కదిలిందో ఎవరు కొలిచారు? ఆ మెట్లు రోజుకు నలభై మంది ఎక్కి దిగుతారు. వాళ్లకేం చెబుతావు, మా అద్దం పలచనిదండీ, ధైర్యంగా ఎక్కండి అని చెబుతావా?”

“నేను చెయ్యమన్నాను, నన్ననండి,” అంది భార్య.

“నా మాట పోతుందని చేశావా?”

“మీ మాట సంగతి నాకెందుకు? పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి మీరు అంటూనే ఉన్నారు మాటలు.” ఆమె స్టవ్వు ఆర్పింది. నీళ్లు కాసేపు తమంతట తామే ఉడికి, ఆగాయి. “ఆ గోడ ఎవరిదో మీకు గుర్తుందా?”

మేస్త్రీ బల్ల మీద నుంచి లేచాడు.

“ప్రతి గోడా నాదేనని వీధిలో చెప్పి వచ్చారు. అదొక్కటి మీది కాదు.”

నిజమే. మెట్ల గోడ కొడుకు కట్టింది. పదేళ్ల కిందట, వాడికి పంతొమ్మిదేళ్లప్పుడు. మేస్త్రీ మణికట్టు విరిగి మంచం మీద ఉంటే, ఒంటరిగా కట్టిన మొదటి గోడ. పెళ్లయిన వారానికే ఈ కోడలిని తీసుకెళ్లి దానికి చేరగిలబడి, ఇది నాది అని చూపించాడు. నలభై రోజుల కిందట భూకంపంలో, బజారులో ఎవరో కట్టిన ఒక వరండా కూలి, దాని కింద చనిపోయాడు. వాడు కట్టినవి ఇంకా ఎన్నో ఉండేవి. అన్నీ ఆ రోజునే వాటి చుట్టూ ఉన్నవాటితో కలిసి కూలాయి.

“వాడిదంటూ నిలబడి ఉన్నది అదొక్కటే,” అంది భార్య. “దాని మీద ఎర్ర గీత గీస్తుంటే చూస్తూ నిలబడమంటారా నన్ను?”

ఆమె గొంతు పెరగలేదు. కళ్లు తడవలేదు. మేస్త్రీ పటం వైపు చూశాడు, తర్వాత తన వేలి వైపు చూశాడు. చొక్కా గుండీలు పెట్టుకోసాగాడు. ఒక గుండీ తప్పు కన్నంలో పడింది. భార్య లేచి దాన్ని సరిచేసింది.

అప్పుడే రేడియో డేరా తెర పక్కకు తోసి తల లోపలికి పెట్టింది. “ఇంకా ఇక్కడే ఉన్నారా అన్నయ్యగారూ? పైనింటి టైలరు తెల్లారేసరికే మిషను మోసుకెళ్లి మెట్ల దగ్గర పెట్టుకున్నాడు. వాళ్ల అత్తగారు తాళంచెవి కొంగున కట్టుకుని కూర్చుంది, పెళ్లిపీటల మీద కూర్చున్నట్టు. మీరు లేకుండా తలుపు తీయడం బాగుండదని అందరం ఆగాం.”

మేస్త్రీ పనిసంచి భుజాన వేసుకున్నాడు. సుత్తి, ఉలి, దారపుండ, తాపీ. ఈ పరీక్షకు అవేవీ అక్కర్లేదు. అయినా తీసుకున్నాడు.

*

ఇంటి ముందు పెట్టెలు, పరుపు చుట్టలు, తలకిందులుగా పెట్టిన కుర్చీలు. నేల కంపిస్తే పడి చప్పుడు చేయాలని డేరాల్లో మూత మీద నిలబెట్టుకున్న ఖాళీ సీసాలను కూడా కొందరు సంచుల్లో సర్దేశారు. ఇక వాటితో పనిలేదనుకున్నారు.

ఇంజనీరమ్మ చిన్న వయసుది. తల మీద టోపీ, చేతిలో రెండు రంగు డబ్బాలు. అందరికీ అవే కనబడుతున్నాయి. ఎర్ర డబ్బాను ఆమె తన వెనక్కి పెట్టుకుంది, మర్యాదగా.

ఒక్కొక్క అద్దం దగ్గరా వంగి, భూతద్దం పెట్టి చూసింది. కిందింటి వంటగది గోడ. బాగుంది. మొదటి అంతస్తులో రెండు. బాగున్నాయి. ప్రతి దానికీ వెనక నిలబడ్డవాళ్లు ఊపిరి వదిలారు. టైలరు ఆరోదానికి దండం పెట్టబోయి, ఎవరైనా చూశారేమోనని జుట్టు సర్దుకున్నాడు.

ఏడోది మెట్ల మలుపులో ఉంది. ఆమె వంగి చూసింది. నిటారుగా లేచింది.

“ఇదీ బాగుంది,” అంటూ ఆకుపచ్చ డబ్బా మీద చెయ్యి వేసింది.

మేస్త్రీ ఆ క్షణంలో భార్య వైపు చూడలేదు. చూస్తే చెప్పలేనేమో అనుకున్నాడు.

“మూత తీయకండమ్మా,” అన్నాడు. “ఈ అద్దం నాది కాదు. నాది ఎనిమిదో రోజునే పగిలింది.”

మెట్ల మలుపు కింద ఉన్నవాళ్లకు వినబడక ఏమిటేమిటని అడిగారు. పైవాళ్లు చెప్పారు. ఆ మాట మెట్టు మెట్టూ దిగి వీధిలోకి పోయింది.

“ఎవరు మార్చారు?” అని అడిగింది ఇంజనీరమ్మ.

“మా ఇంట్లో మార్చారు. మా ఇల్లంటే నేనే.”

ముందుగా పేలింది టైలరు. నలభై రోజులు ఎండలో మిషను పెట్టుకుని కుట్టానన్నాడు. అత్తగారి మోకాళ్ల సంగతి చెప్పాడు. చెప్పదలుచుకుంటే ఎనిమిదో రోజునే చెప్పాల్సింది, చెప్పకూడదనుకుంటే ఇప్పుడూ చెప్పకుండా ఉండాల్సింది, ఇదెక్కడి న్యాయమన్నాడు. అంటూ అంటూ ఉండగానే ఆయన చూపు మెట్ల మీద నిలబడ్డ తన ఇద్దరు కూతుళ్ల మీద పడింది. గోడకు ఆనుకుని ఉన్నారు. వెళ్లి ఇద్దరినీ పక్కకు లాగాడు. ఆ తర్వాత ఆయన గొంతు తగ్గిపోయింది.

“ఇవాళ వీళ్లను దీని పక్క నుంచే పైకి పంపేవాణ్ణి,” అన్నాడు, ఎవరితోనూ కాదు.

రేడియో నోరు తెరిచి, మూసింది.

ఇంజనీరమ్మ ఇబ్బందిగా కాగితాలు తిప్పింది. అద్దం పగిలి, ఎందుకు పగిలిందో తెలియకపోతే ఎర్ర గీతే గీయాలట. నియమం అది. తనకిష్టమై చేస్తున్నది కాదని కూడా చెప్పింది.

“గీయండి,” అన్నాడు మేస్త్రీ. “గోడ నాదే.”

“ఆయనది కాదు.”

వెనక నుంచి వచ్చింది ఆ మాట. భార్య మెట్లెక్కి వచ్చింది. దారి ఇవ్వమని ఎవరినీ అడగలేదు, అందరూ పక్కకు ఒదిగారు. గోడ ముందు నిలబడి కొంగు భుజం మీదికి తీసుకుంది.

“ఇది నా కొడుకు కట్టింది. అద్దం మార్చింది నేను. వాడి గోడను ఎవరూ చూడకూడదనుకుని మార్చాను.” ఇంజనీరమ్మ వైపు తిరిగింది. “ఇప్పుడు చూడాలి. రంగు వేసే ముందు విప్పి చూడండి. వాడు తప్పు చేసి ఉంటే వాడి పేరు మీదే గీయండి. చూడకుండా గీస్తే మాత్రం ఒప్పుకోను.”

ఇంజనీరమ్మ మేస్త్రీ వైపు చూసింది. మేస్త్రీ సంచిలోంచి ఉలి తీశాడు.

*

గోడకు గోడ కలిపే చోట ఒక పద్ధతి ఉంది. ఇవాళ ఒక గోడ కట్టి, రేపు దానికి ఇంకో గోడ కలపాలంటే, మొదటి గోడ చివర వరస విడిచి వరస ఇటుకను బయటికి పెట్టి వదలాలి. పళ్లు వదలడం అంటారు. కొత్త గోడ ఆ పళ్ల సందుల్లోకి దూరి పట్టు బిగిస్తుంది.

ఈ ఇంట్లో మేస్త్రీ పళ్లు వదల్లేదు. మొదట ఆ మెట్లకు గోడే లేదు, ఆ పక్క ఖాళీగా ఉండేది. వాన జల్లు మెట్ల మీద పడుతోందని అడిగి గోడ కట్టించుకున్నది ఈ టైలరే. అప్పటికి మేస్త్రీ మంచం మీద ఉన్నాడు. పాత గోడలో గూళ్లు తొలిచి ఇటుకలు దూర్చనా నాన్నా అని కొడుకు అడిగాడు. అక్కర్లేదు, కట్టిన గోడను తొలిస్తే బలం పోతుంది, మాలు దట్టంగా పెట్టి ఆనించు చాలు అని మేస్త్రీ చెప్పాడు.

ఇదంతా ఉలి పెట్టేసరికి ఆయనకు గుర్తొచ్చింది. రెండు గోడలూ కలిసే మూల పైనుంచి కిందికి పూత రాల్చసాగాడు. పై భాగంలో పూత ఒక్క దెబ్బకే పెళ్లలుగా ఊడింది. దాని వెనక చీలిక, చిటికెన వేలు దూరేంత. ఇంజనీరమ్మ కొలబద్ద పెట్టి అంకె రాసుకుంది. భార్య ఆ అంకె ఏమిటని అడగలేదు.

ఛాతీ ఎత్తుకు వచ్చేసరికి ఉలి ఆగింది. పూత ఊడడం లేదు. రెండోసారి కొట్టాడు. మూడోసారికి కొంచెం రాలింది. చీలిక అక్కడ లేదు.

మేస్త్రీ మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఇంకొంచెం కొట్టి, మట్టి ఊది, చేత్తో తుడిచాడు. కొత్త గోడలోని ఇటుక ఒకటి పాత గోడ కడుపులోకి దూరి ఉంది. దాని కింద నాలుగు వరసల తర్వాత ఇంకొకటి. దాని కింద ఇంకొకటి. నేల దాకా. ఒక్కొక్క గూడూ శుభ్రంగా, ఇటుకకు సరిపడా తొలిచి ఉంది.

చాలాసేపు ఆయన ఆ ఇటుకల మీది నుంచి చెయ్యి తీయలేదు.

“కింద ఇంత పట్టు ఉంది కాబట్టే గోడ మెట్ల మీదికి పడలేదు,” అంది ఇంజనీరమ్మ నెమ్మదిగా. “ఇలా చేయమని ఎవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పలేదు. వద్దని నేను చెప్పాను.”

“మరి ఈ ఎత్తు నుంచి ఎందుకు ఆపేశాడు?”

అప్పట్లో కట్టు కట్టిన చేతితోనే ఒకరోజు మేస్త్రీ ఇక్కడికి వచ్చాడు. మెట్ల నిండా ఇటుక పెళ్లలు. నేను చెప్పిందేమిటి, నువ్వు చేస్తున్నదేమిటి అని కూలివాళ్ల ఎదుట గద్దించాడు. పిల్లవాడు ఎదురు చెప్పలేదు. చీపురు తీసుకుని పెళ్లలు ఊడ్చాడు. అప్పటికి గోడ వాడి ఛాతీ దాకా లేచింది.

“అక్కడి నుంచి నా మాట విన్నాడు,” అన్నాడు మేస్త్రీ.

టైలరు తల దించుకున్నాడు. ఇంజనీరమ్మ ఎర్ర డబ్బాను కాలితో మెట్టు మూలకు జరిపింది.

భార్య వచ్చి కింది ఇటుక మీద అరచెయ్యి ఆనించింది. నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరం చూసినట్టు. తర్వాత లేచి, మెట్ల మీద ఉన్న అందరి వైపూ తిరిగింది. “మా వాడు కట్టింది,” అంది. అంతే అంది. ఆ మాట ఈసారి ఎవరూ కిందికి మోయనక్కర్లేకపోయింది, వీధిలోకి సూటిగా వినబడింది.

*

కారణం తెలిసింది కాబట్టి ఎర్ర గీత లేదు. ఆకుపచ్చా లేదు. పగిలిన పై భాగం దించి, పాత గోడలో పైదాకా గూళ్లు తొలిచి, మళ్లీ కట్టాలి. మళ్లీ ఏడు అద్దాలు, మళ్లీ ఇరవై ఒక్క రోజులు. ఇంజనీరమ్మ అదంతా కాగితం మీద రాసి, మధ్యాహ్నం దాకా ఉండి దించడం చూస్తానంది.

టైలరు అత్తగారు కొంగుముడి విప్పి తాళంచెవి అల్లుడి చేతిలో పెట్టింది. నలభై రోజులు కూర్చున్నదాన్ని ఇంకో ఇరవై కూర్చోలేనా, నా మోకాళ్లు ఇంట్లోనూ ఇంతేగా అంది. టైలరు మిషనుకు గుడ్డ కప్పి వచ్చి, ఇటుకలు అందుకునే వరసలో నిలబడ్డాడు. మెట్ల మీద మనిషి పక్కన మనిషి, ఇటుక చేతులు మారుతూ కిందికి దిగింది.

పాత గోడను పట్టుకోకపోయినా, కొడుకు పెట్టిన ఇటుకలు ఒకదాన్నొకటి వదలడం లేదు. ఒక్కోదానికి నాలుగైదు దెబ్బలు పడుతున్నాయి. అప్పటిదాకా మౌనంగా ఉన్న రేడియోకు మాట తిరిగి వచ్చింది.

“మీ వాడు వీటికి పెళ్లి చేశాడా ఏమిటి వదినా? విడాకులంటే ఒప్పుకోవడం లేదు.”

భార్య మొహం మీద నవ్వులాంటిది ఒకటి వచ్చి, పోకుండా కాసేపు ఉంది.

మధ్యాహ్నం దాటేసరికి గోడ ఛాతీ ఎత్తున ఆగింది. ఎక్కడ వాడు తండ్రి మాట వినడం మొదలుపెట్టాడో సరిగ్గా అక్కడ. మేస్త్రీ సంచిలోంచి తాపీ తీశాడు. పిడి ఆయన పట్టుకు అరిగిపోయి ఉంది. దాన్ని బట్టతో తుడిచి మెట్టు మీద పెట్టి, దూరంగా జరిగాడు.

“ఇక కట్టడానికి వేరే మనిషిని చూసుకోండి,” అన్నాడు. “అన్న మాట అన్నాను.”

ఊళ్లో మేస్త్రీలు దొరకడమే కష్టంగా ఉంది. ఉన్నవాళ్లంతా ఆసుపత్రుల దగ్గరా, వంతెనల దగ్గరా ఉన్నారు. ఇంకో రెండు నెలలదాకా ఎవరూ రారని అందరికీ తెలుసు.

“ఆ మాట మిమ్మల్ని ఎవరడిగారు పెద్దాయనా?” అన్నాడు టైలరు.

“ఎవరూ అడగలేదు. నా అంతట నేనే అన్నాను. అందుకే దాటలేను.”

మూర్ఖత్వమని కొందరన్నారు. మనిషంటే అలా ఉండాలని ఒకరిద్దరన్నారు. భార్య కోడలి వైపు చూస్తోంది.

కోడలు మెట్టు దగ్గరికి వచ్చి వంగింది. తాపీ తీసుకుంది. బరువు చూసుకోవడానికి ఒకసారి అరచేతిలో తిప్పింది. ఆడవాళ్లు మాలు మోయడమే అందరూ చూశారుగాని గోడ కట్టడం ఆ వీధిలో ఎవరూ చూడలేదు. ఎవరో గొంతు సవరించుకున్నారు.

“అమ్మాయ్, అది అద్దం ముక్క అతికించడం కాదు,” అన్నాడు మేస్త్రీ. “నీ పని నిలబడుతుందని ఎవరు నమ్మాలి?”

“పదమూడు రోజులు అది మీ పనేననుకున్నారు మామయ్యా.”

టైలరు ఫక్కున నవ్వాడు. నవ్వి, భయపడి మేస్త్రీ మొహం చూశాడు. మేస్త్రీ నవ్వలేదు. కోప్పడనూ లేదు. కోడలి చేతిలో తాపీ ఉన్న తీరు చూస్తున్నాడు. బొటనవేలు పిడి మీద ఎక్కడ ఆనాలో అక్కడే ఆనింది. అలా పట్టుకోవడం ఆమెకు ఎవరు నేర్పారో ఆయన అడగనక్కర్లేదు.

దగ్గరికి వచ్చి సంచిలోకి చెయ్యి పెట్టాడు. దారపుండ తీశాడు. వరస వంకర పోకుండా గోడ ఈ కొస నుంచి ఆ కొసకు లాగి పట్టే దారం. దానికి ఎప్పుడూ ఇద్దరు మనుషులు కావాలి. ఒక కొస కోడలికి అందించి, రెండోది తాను పట్టుకుని మూలకు నడిచాడు.

“తాపీ పట్టనన్నాను,” అన్నాడు, అందరూ వినేలా. “దారం పట్టనని అనలేదు.”

దారం బిగిసింది. కొడుకు ఆపిన చోటికి ఒక ఇటుక ఎత్తు పైన, తిన్నగా, తెల్లగా.

మరుక్షణం అది వణికింది. చెయ్యి వణికిందో, నేల వణికిందో మెట్ల మీద ఎవరికీ వెంటనే తెలియలేదు. మేస్త్రీ దారం వదల్లేదు, కోడలూ వదల్లేదు. కింద సంచిలో, ఇక పనిలేదనుకుని సర్దిపెట్టిన సీసా ఒకటి దొర్లిన చప్పుడు వినబడింది.